విభూది బుధవారానికి ముందే

చిరంజీవి జోజికి,
పెదనాన్న ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు "ఈసారి తపస్సు కాలం గట్టిగా పాటిస్తాను పెదనాన్నా" అన్నావు. నాకు చాలా సంతోషమేసింది. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న, పాస్కా పండుగ మార్చి 28న వస్తున్నాయి. నువ్వు గట్టిగా పాటిస్తావో లేదో ఈ మిగిలిన రోజుల్లోనే తేలుతుంది. ముందేమీ ఆలోచించకుండా, బూడిద పెట్టించుకున్న ఊపులో మాంసం మానేస్తా, ఫోన్ మానేస్తా, రోజూ పూజకెళ్తా అని వరసపెట్టి మొక్కుకునేవాళ్ళు మొదటి ఆదివారానికే చప్పబడిపోతారు. ఒక్కటే అనుకో. చివరిదాకా నిలిచేదే అనుకో.

మీ హాల్లో తిరుహృదయ పటం వెనక పోయినేడు మ్రానికొమ్మల ఆదివారం నాడు తెచ్చి దోపిన మట్ట ఉంటుంది. ఈపాటికి ఎండి, గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి రాలుతూ ఉంటుంది. జాగ్రత్తగా తీసి గుడిలో ఇచ్చిరా. అలాంటి మట్టల్ని కాల్చిన బూడిదే గురువుగారు మన నుదుట పెట్టేది. హోసన్నా అంటూ మనం ఊపిన కొమ్మే పశ్చాత్తాపానికి గుర్తుగా మన దగ్గరికి తిరిగొస్తుంది. ఈ పని అమ్మకి వదిలెయ్యకు, నువ్వే చెయ్యి.

ఉపవాసం గురించి అడిగావు. విధిగా ఉండాల్సినవి రెండే రోజులు, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం. 18 నిండినవాళ్ళు 59 నిండేదాకా ఆ రోజుల్లో ఒక్కపూటే కడుపునిండా తినాలి. మిగతా రెండు పూటలా కొంచెం ఏదైనా తీసుకోవచ్చు. శుక్రవారాల్లో మాంసం మానడం 14 నిండిన అందరికీ వర్తిస్తుంది. జబ్బుతో ఉన్నవాళ్ళకి ఉపవాసం విధి కాదు. మీ అమ్మ షుగర్ మాత్రలు వేసుకుని ఖాళీ కడుపుతో గుడికి బయల్దేరితే మాత్రం ఊరుకోకు. తినిపించి తీసుకెళ్ళు. బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆదివారం ప్రభువు లేచిన రోజు కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండరు, అందరూ కలిసి తినండి.

శుక్రవారం చికెన్ మానేసి అపోలో ఫిష్ తెప్పించుకుంటే నియమం తప్పినట్టు కాదు. కానీ ఆ ఉపవాసం ఎవరి ఆకలీ తీర్చదు. 440 నుంచి 461 దాకా పోపుగా ఉన్న పునీత మహా లియో తపస్సు కాలపు ప్రసంగాల్లో పదే పదే చెప్పింది ఇదే, మనం తినకుండా మిగిల్చింది పేదవాడికి చేరాలని. యెషయా ప్రవక్త అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ఆ మాట చెప్పాడు. బయటి తిండికి పెట్టే డబ్బు వారం వారం ఒక కవరులో వెయ్యి. ఎవరికివ్వాలో ఇప్పుడే అనుకో. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లల చదువు సంగతి ఎప్పుడైనా అడిగావా?

శుక్రవారం సాయంత్రాలు సిలువ మార్గానికి వెళ్ళేలా ఆఫీసులో ముందే మాట్లాడుకో. 14 స్థలాల్లో అయిదోది నాకు మరీ ఇష్టం. కురేనీ సీమోను పల్లె నుంచి తన దారిన తను వస్తున్నాడు. సైనికులు పట్టుకుని బలవంతాన సిలువ మోయించారు. అతను కోరుకున్న తపస్సు కాదది. మనం ఎంచుకున్న త్యాగాలు మనకి కాస్త గొప్పగానే ఉంటాయి. అడక్కుండా వచ్చిపడేవే కష్టం. రాత్రి షిఫ్టు అయ్యాక అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి రావచ్చు, మాట పడి ఊరుకోవాల్సి రావచ్చు. అవి వచ్చినప్పుడు విసుక్కోకుండా భుజానికెత్తుకుంటే, నువ్వు రాసుకున్న తీర్మానం ఒకటి తప్పినా నాకు బాధ లేదు.

ఇక చివరిగా, ఇంతసేపూ నేను రాయాలనుకున్నది. ఇంటిస్థలం గొడవ తర్వాత మీ అన్నతో నువ్వు మాట్లాడటం లేదు. తప్పెవరిదో తేల్చమని నిన్ను అడగను. సహోదరుడికి మనమీద ఏదైనా ఉంటే కానుకను పీఠం దగ్గర వదిలి ముందు సమాధానపడమని ప్రభువే చెప్పాడు. పాపసంకీర్తనానికి మోకరించబోయే ముందు ఈ పని కావాలి. స్థలం మాట ఎత్తకు, పిల్లలెలా ఉన్నారని అడుగు చాలు. ఫిబ్రవరి 10 లోపు వాడికి ఫోన్ చెయ్యి నాన్నా.

మీ పెదనాన్న