జెండా కింద దీపం

మేనల్లుడూ,

గుడివాడలో పని నేర్చుకుంటున్న నీకు అప్పుడే నాగాయలంక వైపు ఒక పంచాయతీ ఆఫీసు ముందు జెండాకి రాత్రి లైట్లు పెట్టే పని దొరికిందంటే సంతోషం. పొద్దు గూకితే జెండా దించెయ్యాలి కదా అని అడిగావు. నిన్నమొన్నటి దాకా అదే పద్ధతి. 2002 జెండా నియమావళిలో బయట ఎగరేసే జెండా వీలైనంత వరకు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే అని ఉండేది. 2009లో 100 అడుగులు, ఆ పైన ఉన్న స్తంభాలకు మాత్రం, మంచి వెలుతురు, కరెంటు పోతే వేరే ఏర్పాటు ఉండాలన్న షరతు మీద రాత్రిళ్ళకి అనుమతిచ్చారు. 2022 జులైలో నిబంధన మార్చి, ఆరుబయటైనా ఇంటి మీదైనా పగలూ రాత్రీ ఎగరెయ్యొచ్చన్నారు. అంతకు ముందు 2021 డిసెంబరులోనే పాలిస్టరు గుడ్డకీ, మిషను మీద చేసిన జెండాకీ దారిచ్చారు. మన ఉప్పుగాలికి ఆ పాలిస్టరు మేలే. ఖద్దరు తడిస్తే బరువెక్కి స్తంభాన్ని అంటుకుపోతుంది.

రూలు ఒప్పుకుంది కదా అని మొదలెట్టెయ్యకు. లైటు పెట్టడం ఒక్క పూట పని, దాన్ని చూసుకోవడం ఏడాది పొడుగునా పని. గుడ్డిలైటు కింద చిరుగుల జెండా వేలాడటం కంటే సాయంత్రం దించి మడిచి బీరువాలో పెట్టుకోవడం ఎంతో మర్యాద. ఇందులో నా మాట కాస్త కటువుగానే ఉంటుంది, ఎందుకంటే ఈ జెండా మనకి బయటి నుంచి వచ్చింది కాదు. పామర్రు దాటి కూచిపూడి మీదుగా దివిసీమకి వెళ్తావు కదా, ఆ మొవ్వ మండలంలోనే పింగళి వెంకయ్యగారి భట్లపెనుమర్రు. ఆయన బందరు జాతీయ కళాశాలలో పనిచేసినవాడు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చాడు. 1930 ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో బందరు కోనేరు సెంటర్లో జెండా ఎగరేయబోయిన తోట నరసయ్య నాయుడు స్పృహ తప్పేదాకా లాఠీదెబ్బలు తిన్నాడు. అలాంటి గడ్డ మీద వైర్లు లాగుతున్నావు.

ఇక పనిలోకి రా. స్తంభం 30 అడుగులన్నావు, జెండా 1800 బై 1200 మిల్లీమీటర్లు, అంటే సుమారు 6 అడుగులు, 4 అడుగులు. నియమావళిలో ఉన్న కొలతే. గాలి ఎటు తిరిగితే అటు తిరుగుతుంది కాబట్టి స్తంభం చుట్టూ 12 అడుగుల వెడల్పు వలయమంతా వెలుగు పడాలి. ఒకే ఫ్లడ్‌లైటు పెట్టి చేతులు దులుపుకుంటారు చాలామంది. వేసవిలో పైరగాలికి బాగానే కనిపిస్తుంది, కార్తీకంలో ఈశాన్యపు గాలి మొదలవగానే జెండా అవతలికి తిరిగి నీడలో పడుతుంది. స్తంభానికి 12 అడుగుల దూరంలో మూడు వైపులా మూడు పెట్టు. అక్కణ్ణించి జెండా దాకా ఏటవాలుగా 30 అడుగులు పడుతుంది, 25 డిగ్రీల కిరణమైతే అంత ఎత్తున 13 అడుగులు పరుచుకుంటుంది. సరిగ్గా సరిపోయింది చూశావా! కిరణం అంతకంటే వెడల్పయితే సగం వెలుగు ఆకాశం పాలు, మిగతాది రోడ్డు మీద బండి తోలేవాడి కళ్ళ పాలు.

ఒక్కోటి 30 వాట్ల ఎల్ఈడీ చాలు. రంగు విషయంలో మాత్రం రాజీ పడకు. పాత వీధిలైట్ల పసుప్పచ్చటి సోడియం దీపం కింద ఆకుపచ్చ పట్టీ మసిబారినట్టుంటుంది. మరీ నీలంగా కొట్టే తెల్లలైటు కింద కాషాయం వెలవెలబోతుంది. పెట్టె మీద 4000 కె, సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 80కి పైన అని ఉన్నది తీసుకో. దుమ్మూ నీళ్ళూ చొరకుండా ఐపీ 66 ఉండాలి, బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్. మామూలు ఇనప బోల్టు సముద్రగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయిందంటే మరమ్మతుకి లైటునే పగలగొట్టాలి.

కేబులు పైపులో భూమిలోపలే వెయ్యి. పందికొక్కులున్న చోట ఒట్టి వైరు పాతితే వాటికి విందు. లైట్లోకి కేబులు ఎప్పుడూ కింద నుంచే ఎక్కాలి, అప్పుడు వాన నీళ్ళు వైరు వెంట లోపలికి దిగవు. స్తంభానికి ఎర్తింగూ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లైన్లోనూ తప్పనిసరి. వానాకాలం ఆ స్తంభాన్ని పట్టుకుని తిరిగేది పిల్లలే. మూడు లైట్లూ కలిపి 90 వాట్లు, పన్నెండు గంటలకి ఒక యూనిట్ పైచిలుకు. ఇన్వర్టరుకి 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ పెడితే కరెంటు లేకపోయినా ఇంచుమించు రాత్రంతా గడుస్తుంది.

చేల పక్క లైటంటే పురుగులు వాలతాయి, వాటి కోసం బల్లులు చేరతాయి. అద్దం మీద ఉప్పు పొర, దాని మీద రెక్కల పొట్టు. వారానికోసారి తడిగుడ్డతో తుడవకపోతే నెలలోనే వెలుగు మసకబారుతుంది. జెండా సంగతీ అంతే. హైదరాబాద్ సంజీవయ్య పార్కులో 2016లో 291 అడుగుల స్తంభం వేశారు. హుస్సేన్ సాగర్ గాలికి అంత పెద్ద జెండాలూ చిరిగి మార్చాల్సి వచ్చింది. ఎత్తు మీద నాకు మోజు లేదు, నిచ్చెన అందే స్తంభమే మేలు. జెండా అంచు కాస్త పీలికలవగానే దించి కొత్తది కట్టించు. పాతదాన్ని చాటున మర్యాదగా కాల్చెయ్యాలి, తుడుపుగుడ్డ చెయ్యకూడదు. తుపాను కబురు వచ్చి బందరులో ప్రమాద సూచిక ఎగరేశారంటే ఇక ఆలోచించకు, జెండా దించి మెయిన్ ఆపెయ్. 1977 నవంబరు 19న ఉప్పెన చూసిన దివిసీమలో ఈ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

సామాను కొనేముందు సర్పంచ్ గారి దగ్గర కూర్చుని ఒక్కటే అడుగు: అర్ధరాత్రి లైట్లు ఆరిపోతే ఫోను ఎవరికి చెయ్యాలి, జెండా ఎవరు దించాలి? ఆ మనిషి పేరూ నంబరూ స్విచ్ బోర్డు తలుపు లోపల పెయింటుతో రాయించు. పేరు చెప్పలేకపోతే లైట్ల మాట పక్కన పెట్టి, సాయంత్రం దించడానికి మంచి తాడూ కప్పీ బిగించి రా. కూలి తక్కువొస్తుందని దిగులు పడకు.

ఇట్లు,
నీ మావయ్య, బందరు.