కొండపాదాన ధ్యాన కుటీరము – సంఘములకు అధ్యయన పాఠము

చదువవలసిన భాగములు: మార్కు 6:30–32, 2 రాజులు 4:8–10, లూకా 14:28–30



కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటినుండి మన ఇండ్ల జీవితము రైలు గంటలను బట్టి నడుస్తోంది. మారికుప్పం, బంగారుపేట స్టేషన్లలో తెల్లవారకముందే బండి ఎక్కి, బెంగళూరులో పని చేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవారు వేలమంది. తండ్రి, కొడుకు నెమ్మదిగా కూర్చొని మాట్లాడుకునే పూట దొరకడం లేదు. అందుకే రెండు మూడు రోజులు కలిసి ఉండి, వాక్యము చదువుకొని, మౌనంగా ఆలోచించుకొనుటకు కొండల దగ్గర ఒక కుటీరము ఉంటే బాగుండునని పలు సంఘములలో మాట వస్తోంది. ఆ కోరిక మంచిదే. అయితే ఎక్కడ, ఎంత, దేనితో కట్టాలో ముందే నేర్చుకోవాలి. ఈ పాఠము అందుకొరకే.

1. ముందు మనుషులు, తరువాత గోడలు

పని ఒత్తిడిలో తినడానికి కూడా తీరిక లేని శిష్యులను ప్రభువు ఏకాంత స్థలమునకు పిలిచాడని మార్కు వ్రాశాడు. అక్కడ వారికొరకు కట్టిన భవనము ఏదీ లేదు. మన తెలుగు బాప్టిస్టు చరిత్రలోను అంతే. 1854 జనవరి 1 ఉదయాన జువెట్ దంపతులు, మరి ముగ్గురు విశ్వాసులు ఒంగోలులోని చిన్న కొండ ఎక్కి ప్రార్థించారు. అప్పటికి ఆ ఊరిలో మనకు మందిరము లేదు, కాపురమున్న మిషనరీ లేడు. క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. కాబట్టి కుటీరము లేకపోతే ధ్యానము ఆగదు. ఎండ, వాన, చలి నుండి కాపాడుటకే కుటీరము.

2. ఎక్కడ కట్టాలి?

కొండ నెత్తి మీద వద్దు, కొండపాదాన కట్టండి. దీనికి మూడు కారణములు చెబుతాము.

మొదటిది, మన పెద్దలు. గనిలో రాతి ధూళి పీల్చి సిలికోసిస్ తెచ్చుకున్నవారు మన మధ్య ఉన్నారు. పది మెట్లు ఎక్కితే వారికి ఆయాసము. వారు చేరలేని చోట కడితే అది యువకుల విడిది అవుతుంది గాని సంఘ కుటీరము కాదు.

రెండవది, పొరుగువారు. కోలారు పక్కన అంతరగంగె, ముళబాగిలు వైపు ఆవని వంటి కొండలు హిందూ సహోదరులకు పుణ్యక్షేత్రములు. అక్కడికి వెళ్లి బండ మీద కూర్చోవచ్చు, గాలి పీల్చుకోవచ్చు. మన కట్టడము మాత్రం అక్కడ తగదు. కొన్ని కొండలు అటవీ శాఖవి. సంఘము పేర పట్టా ఉన్న నేలనే ఎంచుకోవాలి. అది సేద్యపు భూమి అయితే జిల్లాధికారి వద్ద మార్పిడి ఉత్తర్వు, గ్రామ పంచాయతీ అనుమతి తీసుకున్నాకే పునాది వేయాలి.

మూడవది, రాయి. మన కొండలు పేర్చినట్లున్న గుండ్ల కొండలు. వదులుగా ఉన్న గుండు కింద ఇల్లు కట్టకూడదు. బండను మందుగుండుతో పగలగొట్టవద్దు. బండ ఎలా ఉంటే అలాగే దాని మీద గోడ నిలపండి. పిడుగుల భయము ఉన్నది గనుక పిడుగు కడ్డీ తప్పనిసరి.

3. ఎంత కట్టాలి? నీరే కొలత

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చొని లెక్క వేసుకుంటాడని ప్రభువు చెప్పాడు. కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. మన పూర్వీకులు చెరువులు తవ్వుకొని బ్రతికారు. ఇప్పుడు వెయ్యి అడుగులు దాటిన బోర్లు కూడా ఎండిపోతున్నాయి. కనుక బోరు మీద ఆశ పెట్టుకోక, కప్పు మీద పడే వానను లెక్కించండి.

ఇక్కడ ఏడాదికి సుమారు 740 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. సెప్టెంబరు, అక్టోబరులలో ఎక్కువ. 60 చదరపు మీటర్ల కప్పు మీద పడేది 44,400 లీటర్లు. ఐదవ వంతు వృథా పోయినా 35,000 లీటర్లకు పైగా చేతికి వస్తుంది. ముప్పైమంది మూడు రోజులు ఉండి, మనిషికి రోజుకు 15 లీటర్లు వాడితే ఒక కూడికకు 1,350 లీటర్లు. మూత ఉన్న 15,000 లీటర్ల తొట్టి నిండితే పదకొండు కూడికలకు సరిపోతుంది. అంటే డిసెంబరు నుండి మే వరకు నెలకు దాదాపు రెండు. ఇంతకు మించి మనుషులను పిలిస్తే ట్యాంకరు కొనాలి, లేదా పల్లెవారి నీటిలో పాలు అడగాలి. రెండూ మనకు తగవు. మొదటి వాన నీటిని బయటికి వదిలి, తరువాతి నీటినే తొట్టిలోనికి మళ్లించాలి. త్రాగుటకు కాచి వడపోయాలి.

4. దేనితో కట్టాలి?

రాయి మన చేతికి దగ్గరగా ఉన్నది. రాతి కూసాలు, బండలు కోలారు సీమలో ఇండ్లకూ తోటలకూ వాడుతూనే ఉన్నారు. పునాదికి, మెట్లకు, అరుగుకు అవి చాలు. కప్పుకు మాత్రం బండ వద్దు. పగటి వేడిని పట్టి రాత్రి వదులుతుంది. మంగళూరు పెంకు మేలు, వాన నీరు కూడా శుభ్రముగా దిగుతుంది. ఆస్బెస్టాస్ రేకు వద్దే వద్దు. దాని నార ఊపిరితిత్తులకు హాని. ఇప్పటికే ధూళి వలన నష్టపోయిన ఊరు మనది.

గోడకు ఒత్తిన మట్టి ఇటుకలు మంచివి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో మొదలైన అస్త్ర అనే విభాగము ఈ పద్ధతిని ప్రచారము చేసింది. తగిన మట్టిలో 5 నుండి 8 శాతం సిమెంటు కలిపి, చేతి యంత్రముతో ఒత్తి, మూడు వారాలు తడుపుతారు. కాల్చే పని లేదు, కట్టెలు మిగులుతాయి. మన యువకులే చేసుకోవచ్చు. కాల్చిన ఇటుకే కావాలంటే లారీ బేకర్ గారు వ్యాప్తి చేసిన పద్ధతి చూడండి. 1945లో కుష్ఠు రోగుల సేవకు మన దేశము వచ్చిన ఆయన పిథోరాగఢ్ కొండలలో అక్కడి రాతితోనే కట్టడము నేర్చుకున్నారు. ఇటుకను పక్క మీద నిలిపి నడుమ ఖాళీ వదిలితే దాదాపు నాలుగవ వంతు ఇటుక మిగులుతుంది, వేడీ లోపలికి తక్కువగా వస్తుంది.

ఒక హెచ్చరిక. ఇసుక ఊరికే దొరుకుతుందని సైనైడ్ దిబ్బల నుండి తేవద్దు. గని మిల్లులు వదిలిన మూడు కోట్ల టన్నులకు పైబడిన ఆ పొడిలో రసాయనముల శేషము ఉన్నది. గాలివాటున ఆ దిబ్బల ధూళి వచ్చే చోట కుటీరమూ కట్టవద్దు.

5. లోపల ఏమి ఉండాలి?

షూనేమీయురాలు ప్రవక్తకు ఇచ్చిన గదిలో మంచము, బల్ల, పీట, దీపస్తంభము మాత్రమే ఉన్నాయి. మనకూ అంతే చాలు. కూడికకు ఒక గది, స్త్రీలకు, పురుషులకు వేరుగా పడక గదులు, చుట్టూ వెడల్పైన వరండా. ఎదురెదురుగా కిటికీలు పెట్టండి. మూడు కిలోమీటర్ల లోతున, రాతి వేడి 60 డిగ్రీలు దాటిన చోట పని చేసినవారికి గాలి విలువ చెప్పనక్కరలేదు. వంటకు పొగగొట్టము ఉన్న అస్త్ర ఒలె, దీపములకు సౌర విద్యుత్తు. బండ నేలలో గుంత తవ్వలేము గనుక నేల మీదనే రెండు అరల ఎరువు మరుగుదొడ్డి. ఒకటి నిండితే మూసి రెండవది వాడాలి. నీడకు వేప, చింత, కానుగ. నీలగిరి వద్దు. దానిని కొత్తగా నాటుటను కర్ణాటక ప్రభుత్వము 2017లో నిషేధించింది.

6. ఎవరు చూస్తారు?

కట్టడము ఒక ఏడాది పని, కాపాడుట ఎన్నో ఏండ్ల పని. ఏటా వానలకు ముందు పెంకు సరిచేసేవారు, తొట్టి కడిగేవారు, తాళము ఉంచుకొనేవారు ఎవరో పేర్లతో వ్రాసుకున్నాకే చందా పుస్తకము తెరవండి.

సంఘములో చర్చకు ప్రశ్నలు

1. మన సంఘములో మెట్లు ఎక్కలేనివారు ఎందరు? వారు మనతో రావాలంటే దారి ఎలా ఉండాలి?
2. మన మందిరపు కప్పు మీద ఏడాదికి ఎంత వాన పడుతుంది? కొలిచి లెక్క కట్టండి.
3. ఆదివారము కూడా పనికి వెళ్లే బిడ్డలకు ఏ రోజులు అనుకూలము? వారినే అడిగి తెలుసుకోండి.
4. కుటీరము కట్టేలోగా, ఈ చలికాలములోనే ఒక పూట ఏ కొండపాదాన కూడుకోగలము?

నాలుగవ ప్రశ్నకు జవాబు దొరికిన సంఘము మిగిలిన పనికి సిద్ధపడినట్లే.