గ్రిడ్ ఎచ్చట దట్టము కావలెను?

చిరంజీవి అమ్మాయికి,

తరంగము నిటారుగా లేచినచోట గ్రిడ్ బిందువులను దట్టముగా చేర్చి, తక్కినచోట్ల పలుచన చేసి, ఫిషర్ సమీకరణమును స్వల్పగణనతో సాధింపదలచితినని వ్రాసితివి. శ్రమను ఆదాచేయు సంకల్పము మెచ్చదగినదే. కాని ఈ సమీకరణము విషయమున ఆ ఏర్పాటు నిన్ను తప్పుదారి పట్టించును.

మేలైన జన్యువు జనసమూహమునందు వ్యాపించు తీరును వర్ణించుటకై ఫిషర్ 1937లో ప్రతిపాదించిన ఈ సమీకరణమునందు, వ్యాపన గుణకమును వృద్ధిరేటును 1గా గైకొన్నచో, ఒకవైపు 1గా, రెండవవైపు 0గా మొదలైన తరంగము తుదకు 2 అను వేగమునే చేరునని అదే యేట కోల్మొగోరొవ్, పెట్రోవ్‌స్కీ, పిస్కునొవ్‌లు తేల్చిరి. ఆ వేగమును శాసించునది కంటికింపైన నిటారు ముఖము కాదు. దానికి ముందు, విలువ సున్నను సమీపించుచు, చిత్రపటమున చదునైన రేఖవలె కానవచ్చు సన్నని కొసయే. బిందువుల చోటును నిర్ణయించు సూచిక ప్రవణతను మాత్రమే చూచినచో, ఆ కొసను నిస్సారమని తలచి, అచ్చటి బిందువులను తీసివేయును. ఫలితమేమన, సాధారణ కేంద్రభేద పద్ధతిలో బిందువుల ఎడము 1 అయినచో తరంగవేగము 2.07 వరకు, 2 అయినచో 2.23 వరకు పెరుగును. చిత్రము మాత్రము నునుపుగనే యుండును గనుక దోషము దొరకదు. ఇట్టి సూచికయే యగు చాపదైర్ఘ్యముపై ఆధారపడిన చలన గ్రిడ్ ఈ సమీకరణమునకు తగదని చ్యూ, స్లోన్‌లు 1998లోనే చూపిరి.

కనుక విలువయొక్క ప్రవణతను గాక, దాని లాగరిథమ్ ప్రవణతను సూచికగా గైకొనుము. కొసలో విలువ ఘాతీయముగా క్షీణించును గాన, లాగరిథమ్ అచ్చట సరళరేఖయై, బిందువులకు న్యాయమైన వాటా దక్కును. నాగుమో సమీకరణమువంటి ఉభయస్థిర వ్యవస్థలలో వేగమును ముఖమే నిర్ణయించును. అచ్చట నీ పాత సూచిక చాలును.

ఇంకొక మాట. స్పష్టపద్ధతిలో కాలపుటడుగు అతిసూక్ష్మమైన ఎడముయొక్క వర్గమునకు లోబడియుండును. ఎడమును సగము చేసిన అడుగు నాల్గవవంతగును. వ్యాపనపదమును అవ్యక్తముగా సాధించిన ఈ చిక్కు తొలగును.

వేగము 2ను క్రిందినుండి మందముగా చేరును; కాలము 100 నాటికి అది సుమారు 1.99. నీ గణనలో అది 2ను దాటెనా, కొసవద్ద గ్రిడ్‌ను అనుమానింపుము. పాత, క్రొత్త సూచికలతో వచ్చిన వేగములను ఒకే పట్టికయందు వ్రాసి నాకు పంపుము.