ఇల్లు మోసిన బండి

దూరప్రయాణము చేయువానికి రెండు చింతలు తప్పవు. ఒకటి చేరవలసిన ఊరిని గూర్చినది; రెండవది రాత్రి తల దాచుకొనవలసిన చోటును గూర్చినది. పూర్వము మన పల్లెలలో తీర్థములకును, తిరునాళ్లకును పోవువారు ఎడ్లబండికి గూడు కట్టి, లోపల గడ్డి పరచి, వంటపాత్రలును బియ్యమును అందే సర్దుకొని బయలుదేరుచుండిరి. పగలు ఆ బండి వాహనము. రాత్రి అదియే ఇల్లు. మోటారు వాహనములు వచ్చిన పిమ్మట అమెరికా దేశమున అట్టి గూడుబండియే మరియొక రూపమున వెలసెను. వెనుకభాగమున సామాను వేసికొనుటకు తెరచిన తొట్టి గల చిన్న లారీని అచ్చటివారు పికప్ ట్రక్కు అందురు. ఆ తొట్టిమీద గట్టిగా బిగించిన చిన్న గదికి క్యాంపర్ అని పేరు. అందు నిదురింపవచ్చును, వండుకొనవచ్చును, కూర్చుండి వ్రాసికొనవచ్చును. అట్టి బండిలో ఒక గొప్ప రచయిత తన దేశమును చుట్టివచ్చెను. ఆ వృత్తాంతమే ఈ పాఠము.

ఆ రచయిత పేరు జాన్ స్టైన్‌బెక్. ఆయన 1902వ సంవత్సరమున కాలిఫోర్నియా రాష్ట్రములోని సలీనాస్ పట్టణమున జన్మించెను. బీదరైతుల కష్టములను చిత్రించిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ అను నవల 1939లో వెలువడి ఆయనకు గొప్ప కీర్తి తెచ్చెను. 1960 నాటికి ఆయన వయస్సు 58 సంవత్సరములు. అంతకు ముందటి శీతకాలమున జబ్బుచేసి కోలుకొనియుండెను. ఆ వయస్సున, ఆ స్థితిలో, ఎవరైనను ఇంటిపట్టున ఉండి విశ్రమింపగోరుదురు. కాని స్టైన్‌బెక్ మనస్సున ఒక బాధ మెదలుచుండెను. తాను అమెరికాను గూర్చి వ్రాయు అమెరికా రచయిత; అయినను ఇరువదియైదేండ్లుగా తన దేశపు పల్లెలను, పొలములను, నదులను కన్నులార చూచి యెరుగడు. తెలిసినదంతయు పూర్వపు జ్ఞాపకము. లేదా పత్రికలలో చదివినది. ఎరుగని దేశమును గూర్చి ఎరిగినట్లు వ్రాయుట సత్యమునకు ద్రోహమని ఆయనకు తోచెను. ఆరోగ్యమునకు వెరచి జీవితమును కుదించుకొనుట కంటె, బయలుదేరి చూచుటయే మేలని నిశ్చయించుకొనెను.

ఎట్లు బయలుదేరవలెను? హోటళ్లలో బస చేసినచో పేరు వ్రాయవలసివచ్చును. జనులు ప్రసిద్ధ రచయితగా గుర్తించి మనసు విప్పి మాటలాడరు. కారునకు వెనుక తగిలించి లాగికొనిపోవు ఇండ్లు ఉన్నవి గాని, కొండదారులలో వాటిని మలుపుట కష్టము. ఊళ్లలో నిలుపుట మరియు కష్టము. కావున ఆయన వాహనములను తయారుచేయు ఒక పెద్ద కంపెనీకి ఉత్తరము వ్రాసెను. ఎట్టి దారిలోనైనను పోగల ముప్పాతిక టన్ను లారీ కావలెననియు, దానిమీద చిన్న పడవలోని గదివంటి ఇల్లు అమర్పవలెననియు కోరెను. కోరినట్లే జి.ఎం.సి. లారీ సిద్ధమై వచ్చెను.

ఆ గది చిన్నదే యైనను దాని అమరిక మెచ్చదగినది. ఇద్దరు పరుండదగిన మంచము, నాలుగు మంటల పొయ్యి, చలి కాచుకొనుటకు వేడిపెట్టె, ఆహారము చెడకుండుటకు శీతలపెట్టె, దీపములు అందు కలవు. ఇవి యన్నియు సిలిండరులో నింపిన బ్యూటేను వాయువుచే పనిచేయును. బట్టలు పెట్టుకొనుటకు అలమారయు, సామాను దాచుటకు అరలును, దోమలును పురుగులును రాకుండ జల్లెడవంటి తెరలు గల కిటికీలును ఉండెను. పడవలోని గదియందువలెనే ఇందును ప్రతి అంగుళమునకును ఒక ఉపయోగము కల్పింపబడెను.

స్టైన్‌బెక్ తన బండికి ‘రోసినాంటే’ అని పేరు పెట్టెను. అది స్పెయిను దేశపు మహారచయిత సెర్వాంటిస్ సృష్టించిన డాన్ క్విక్సట్ అను వీరుని గుర్రము పేరు. ఆ వీరుడు గాలిమరలను రాక్షసులని భ్రమించి వాటితో పోరాడినవాడు. ముదిమిలో ఇట్టి యాత్రకు పూనుకొనిన తానును అట్టివాడనే యని రచయిత తన్ను తాను పరిహసించుకొనెను. బండి ప్రక్కన ఆ పేరును పదునారవ శతాబ్దపు స్పానిషు అక్షరములలో వ్రాయించెను.

తరువాత సామాను సర్దుట ఆరంభమయ్యెను. పనిముట్లు, పార, గునపము, కప్పీతాడు, డబ్బాలలో నిలువచేసిన ఆహారము, దుప్పట్లు, దిండ్లు, బూట్లు, గడ్డకట్టు చలికి తగిన బట్టలు, వాయువు నింపిన మరియొక సిలిండరు — ఒకటి తరువాత ఒకటి బండి యెక్కెను. వ్రాయుటకు కాగితములు, టైపు యంత్రము, నిఘంటువులు, విజ్ఞానసర్వస్వము చేరెను. ఇవి చాలవన్నట్లు, ఎన్నడో చదువుదమని ప్రక్కన పెట్టిన పుస్తకములు 150 పౌనుల బరువు, అనగా సుమారు 68 కిలోగ్రాములు, చేర్చెను. ఊరక తిరుగువానిని జనులు అనుమానించుదురు గాని వేటకు పోవువానిని అనుమానింపరని తలచి తుపాకులును, గాలములును పెట్టుకొనెను. బరువునకు బండి స్ప్రింగులు క్రుంగిపోయెను. అవసరమైనదానికి నాలుగు రెట్లు తీసికొనిపోతినని ఆయనయే పిమ్మట వ్రాసెను.

బండి ఇంటిముందు నిలిచియుండగా ఇరుగుపొరుగువారు వచ్చి చూచుచుండిరి. వారి కన్నులలో ఒకే కోరిక కనబడెను: తామును ఎచ్చటికైనను పోవలెనని. వారిలో సుమారు పదుమూడేండ్ల బాలుడొకడు ప్రతిదినము వచ్చెడివాడు. వంటయంతయు తానే చేసెదననియు, గిన్నెలు కడిగెదననియు, తన్ను కూడ తీసికొనిపొమ్మనియు వేడుకొనెను. ఆ కోరిక తీర్చుట స్టైన్‌బెక్ వశము కాలేదు. కాని ఆ బాలుని తహతహను ఆయన మరువలేదు.

1960 సెప్టెంబరు 23వ తేదీన బండి కదలెను. తోడుగా చార్లీ యను పెంపుడు కుక్క ప్రక్కన కూర్చుండెను. అది పారిసు నగర సమీపమున పుట్టిన పూడిల్ జాతి కుక్క. న్యూయార్కు రాష్ట్రములోని లాంగ్ ఐలండు నుండి బండిని నావమీద దాటించి, ఆయన ఉత్తరముగా మెయిన్ రాష్ట్రమునకు పోయెను. అచ్చట బంగాళాదుంపలు త్రవ్వు కాలము. కెనడా నుండి కూలికి వచ్చిన ఒక కుటుంబము సరస్సు ఒడ్డున విడిసియుండెను. క్రొత్తవానిగా పోయి పలుకరించుటకు సంకోచించి, స్టైన్‌బెక్ ముందుగా చార్లీని వదలెను. కుక్క పోయి వారితో చెలిమి చేసెను. దానిని వెదకుకొనుచు యజమాని పోయెను. ఆ రాత్రి కుటుంబమంతయు అతిథులై ఆ చిన్న గదిలో ఇరుకుకొని కూర్చుండిరి. బండిలో ఇల్లుండుటవలన కలిగిన మేలు ఇచ్చట తెలియుచున్నది. బాటసారి సామాన్యముగా పరుల యింట అతిథి. ఇతడో పోయినచోటనెల్ల తానే గృహస్థు.

ప్రయాణమున ఉపాయములును తోచుచుండును. మూతగల ప్లాస్టిక్ బక్కెటులో నీరు, సబ్బు, మురికిబట్టలు వేసి, సాగెడు త్రాటితో అలమారలోని దండెమునకు వ్రేలగట్టెను. దినమంతయు బండి కుదుపులకు బక్కెటు ఊగి ఊగి బట్టలు తామే శుభ్రమయ్యెను. సాయంకాలము జాడించి ఆరవేయుటయే మిగిలినపని.

అయినను నాలుగు రెట్లు సామాను మోసిన ఆ బండిలో ఒక చిన్న కాగితము లోపించెను. నయాగరా జలపాతము చెంత కెనడాలోనికి పోయి దగ్గరిదారిన సాగవలెనని స్టైన్‌బెక్ తలచెను. సరిహద్దున కెనడా అధికారి మర్యాదగా ఒక మాట చెప్పెను. పిచ్చికుక్క వ్యాధి రాకుండ చార్లీకి టీకా వేయించిన ధ్రువపత్రము లేనిదే అమెరికా అధికారులు కుక్కను తిరిగి రానీయరట. టీకా వేయించిరి గాని పత్రము తేలేదు. ఆయన వెనుదిరిగి చుట్టుదారి పట్టవలసివచ్చెను. గునపము, కప్పీతాడు అచ్చట అక్కరకు రాలేదు.

అధికభారము యొక్క ఫలము ఓరెగాన్ రాష్ట్రమున అనుభవమునకు వచ్చెను. ఆదివారము, వాన కురియుచుండెను. వెనుక టైరు ఒకటి పెద్ద చప్పుడుతో పగిలెను. బురదలో పరుండి ఆయన చక్రము మార్చెను. రెండవ టైరు కూడ ఉబ్బి పగులుటకు సిద్ధముగా ఉండెను. మెల్లమెల్లగా బండి నడపుకొనుచు ఒక చిన్న పెట్రోలు బంకు చేరెను. ఆ బంకు మనిషి చూచుటకు కఠినుడు. కాని బండి బరువును చూచి, దానికి మరింత దిట్టమైన టైరులు కావలెనని గ్రహించి, సెలవుదినమైనను అనేక చోట్లకు టెలిఫోను చేసి, కొన్ని గంటలలో వాటిని తెప్పించెను. బండికి మోయగల బరువింత యని యుండును. ఆ హద్దు మీరినచో మొదట స్ప్రింగులు క్రుంగును, పిదప టైరులు పగులును. వాహనము నడుపువారెల్లరును ఎరుగవలసిన సంగతి ఇది. ఆపదలో రూపమును జూచి మనుష్యుని గుణము నిర్ణయింపరాదనునది రెండవ సంగతి.

కాలిఫోర్నియాలోని మహావృక్షములను, తాను పుట్టిన సలీనాస్ ప్రాంతమును చూచి, స్టైన్‌బెక్ మొజావే ఎడారిలో ప్రవేశించెను. అచ్చట రెండు కొయోటీలు, అనగా నక్కవంటి అడవిజంతువులు, ఆయనకు కనబడెను. చేతిలో తుపాకి ఉండెను, గురి కుదిరెను. కాని ఆ ఎండలో నీరు చిక్కని చోట బ్రతుకు జీవులను ఊరక చంపుటకు మనసొప్పలేదు. తుపాకిని దించి, కుక్క ఆహారపు డబ్బాలు రెండు తెరచి వాటికై వదలి సాగిపోయెను.

యాత్రయందు మిక్కిలి బరువైన ఘట్టము లూసియానా రాష్ట్రములోని న్యూ ఆర్లియన్సు నగరమున జరిగెను. నల్లజాతి పిల్లలకు వేరు పాఠశాలలుంచుట రాజ్యాంగవిరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. 1960 నవంబరు 14వ తేదీన ఆరేండ్ల బాలిక రూబీ బ్రిడ్జెస్, తెల్లవారి పిల్లలు చదువు విలియం ఫ్రాంట్జ్ పాఠశాలలో మొదటి నల్లపిల్లగా అడుగిడెను. ఆ పసిదానికి కేంద్రప్రభుత్వ మార్షలులు కావలి నడువవలసివచ్చెను. ప్రతి ఉదయము వీధిలో గుంపు కూడి, పెద్దయాడువారు సైతము ఆ బిడ్డను నోట రాని మాటలతో దూషించుచుండిరి. స్టైన్‌బెక్ ఆ దృశ్యము చూడబోయెను. న్యూయార్కు నంబరు గల బండిని చూచినచో గుంపు ధ్వంసము చేయునని దానిని దూరముగా నిలిపి, టాక్సీలో పోయెను. ఎండవానలనుండి కాపాడిన ఆ ఇల్లు ఇచ్చట అడ్డుపడలేదు. తెరలు లేని కన్నులతో ఆ దూషణమును చూచి, విని, మనసు కలగి ఆయన వెనుకకు వచ్చెను. చెట్లను, నదులను చూచుటకు ఉత్సాహము చాలును. సొంతదేశపు తప్పును చూచుటకు ధైర్యము కావలెను.

ఆ పిమ్మట ఆయన మనసు ఇంటివైపు మరలెను. దేశమున 10,000 మైళ్లకు, అనగా 16,000 కిలోమీటర్లకు పైగా తిరిగి వచ్చినవాడు, తాను నివసించు న్యూయార్కు నగరముననే దారి తప్పి నవ్వుకొనెను. యాత్రావృత్తాంతము ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ అను పేర 1962లో వెలువడెను. ఆ సంవత్సరమే ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పుస్తకములోని కొన్ని సంభాషణములును, కొన్ని రాత్రుల బసలును వ్రాసినట్లే జరిగినవి కావని తరువాతి పరిశోధకులు చూపిరి. కావున దానిని దినచర్యగా గాక, అనుభవమును ఆధారముగా గొని ఒక కథకుడు కూర్చిన రచనగా చదువుట తగును. స్టైన్‌బెక్ 1968లో మరణించెను. రోసినాంటే నేటికిని సలీనాస్‌లోని నేషనల్ స్టైన్‌బెక్ సెంటరులో నిలిచియున్నది.

ఆ బండిలోని వస్తువులలో పెక్కు నిరుపయోగములయ్యెను. తుపాకి ప్రేలలేదు, భారము టైరులను పగులగొట్టెను. ఉపయోగపడినవి వేరు: అతిథులకు చోటిచ్చిన చిన్న గది, స్నేహము కలిపిన కుక్క, ఆదివారమున సాయపడిన అపరిచితుని మంచితనము, కష్టమైనను కన్ను మరల్చని సత్యనిష్ఠ. ప్రయాణమునకు పోవువారు మూటను తేలికగాను, చూపును నిశితముగాను ఉంచుకొనవలెను.

ప్రశ్నలు

1. స్టైన్‌బెక్ దేశయాత్రకు బయలుదేరుటకు కారణమేమి?
2. హోటళ్లను, కారు లాగెడి ఇండ్లను విడిచి ఆయన క్యాంపర్‌ను ఏల కోరెను?
3. బండికి రోసినాంటే అను పేరు ఎట్లు వచ్చెను?
4. అధికభారమువలన కలిగిన నష్టమును, లోపించిన కాగితమువలన కలిగిన చిక్కును వివరింపుము.
5. న్యూ ఆర్లియన్సులో స్టైన్‌బెక్ చూచినదేమి? దానిని చూచుటకు ధైర్యము ఏల కావలెను?