గిటారుకు శూన్యనాళిక గొంతు: ఇంట్లో కట్టుకునే ఓవర్‌డ్రైవ్ పెడల్ ఎంపిక

ప్రవాసాంధ్రుల ఇళ్ళలో వీణ పక్కన ఎలక్ట్రిక్ గిటారు కనిపించడం ఈనాడు వింత కాదు. ఉదయం కర్ణాటక సంగీత పాఠం, సాయంత్రం గరాజులో స్నేహితుల బ్యాండు. ఆ గిటారు పట్టిన అబ్బాయో అమ్మాయో కొన్నాళ్ళకు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: రికార్డులలో వినిపించే ఆ గరగరలాడే నిండు ధ్వని మన గిటారులో ఎందుకు రాదు? దానికి జవాబు శూన్యనాళిక, అనగా వాక్యూమ్ ట్యూబు. జవాబు తెలిసిన ఉత్సాహంలో పాత ట్యూబు యాంప్లిఫయరును కొనితెచ్చి, మూత విప్పి, లోపల చేయి పెట్టేవారున్నారు. అందులో 300 నుండి 450 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు పీకివేసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీయగల విద్యుత్తు నిలిచి ఉంటుంది. పిల్లలతో కలిసి పనిచేయదలచిన తల్లిదండ్రులకు 9 వోల్టుల బ్యాటరీతో నడిచే పెడల్ శ్రేయస్కరం. అయితే ఏ పెడల్?

ముందుగా నాళిక చేసే పని. లీ డి ఫారెస్ట్ 1906లో రూపొందించిన మూడు ధ్రువాల నాళికయే దీనికి మూలం. బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడుల పూత గల కాథోడు వేడెక్కి ఎలక్ట్రానులను వెలువరిస్తుంది. ప్లేటు వాటిని ఆకర్షిస్తుంది. నడుమనున్న గ్రిడ్డు కాలువకు తూము వలె ఆ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. (గాజు లోపల వెండిలా మెరిసే మచ్చ కూడా బేరియమే. మిగిలిపోయిన వాయువులను పీల్చుకోవడానికి దానిని అక్కడ పూస్తారు. ఆ మచ్చ తెల్లబడితే లోపలికి గాలి చొరబడినట్లే.) గిటారు నుండి వచ్చే సంకేతం మితిమీరినప్పుడు ఒక వైపు గ్రిడ్డు తానే కొంత కరెంటును లాగుకుంటుంది. రెండవ వైపు కరెంటు క్రమక్రమంగా సన్నగిల్లి ఆగిపోతుంది. తరంగపు శిఖరాలు కత్తితో నరికినట్లు గాక అరిగిన గులకరాయిలా గుండ్రబడతాయి. పైగా, పై శిఖరం ఒక విధంగా, కింది లోయ మరొక విధంగా అరుగుతాయి.

ఆకారం మారిన తరంగంలో కొత్త అనుస్వరాలు పుడతాయి. రెండు వైపులా సమానంగా నరికితే 3, 5, 7 వంటి బేసి అనుస్వరాలు మాత్రమే వస్తాయి. అసమానంగా నరికితే 2, 4 వంటి సరి అనుస్వరాలు కూడా చేరతాయి. మూలస్వరం షడ్జమైతే రెండవది పై స్థాయి షడ్జం, మూడవది దాని పైనున్న పంచమం, ఐదవది ఇంకా పైనున్న అంతర గాంధారం. ఏడవది మాత్రం హార్మోనియం మెట్లలో దేనికీ సరిగా అమరదు. చెవికి గుచ్చుకునేది అటువంటివే. తంబురాలో బ్రిడ్జి మీద నూలుపోగు జరిపి “జీవం” తెప్పించడం కూడా అనుస్వరాలను మేల్కొలిపే విద్యయే. మన వీణ, తంబురాలలో తీగను మీటిన స్థానాన్ని బట్టి వినిపించకూడని అనుస్వరాలు కూడా వంపు గల బ్రిడ్జి వలన వినిపిస్తాయని సి.వి. రామన్ 1921లోనే ప్రకటించాడు. అక్కడ పని చేసేది బ్రిడ్జి, ఇక్కడ పని చేసేది ఎలక్ట్రానుల ప్రవాహం.

“ట్యూబు ధ్వని అంటే సరి అనుస్వరాలే” అనే మాట విరివిగా వినబడుతున్నది. ఇది సగం నిజం. పెద్ద యాంప్లిఫయర్లలో చివరి దశలోని జంట నాళికలు తమలో పుట్టిన సరి అనుస్వరాలను చాలవరకు పరస్పరం రద్దు చేసుకుంటాయి. అయినా వాటి ధ్వని అందరికీ ఇష్టమే. కనుక అనుస్వరాల లెక్క కన్నా, మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా పలికే ఆ క్రమపరిణామమే ముఖ్యమని చెప్పడం సమంజసం.

ఇక ఎంపిక. మొదట అడగవలసినది ఏ పెడల్ అని కాదు, ఇంట్లో ఏ యాంప్లిఫయరున్నది అని. అది ట్యూబు యాంప్లిఫయరైతే పెడల్ స్వయంగా ట్యూబులా పలకనవసరం లేదు. లోపలి మొదటి నాళికను గట్టిగా నెట్టితే చాలు. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరైతే ఆ మార్దవమంతా పెడలే సమకూర్చాలి.

మొదటి అవసరానికి ట్యూబ్ స్క్రీమర్‌ను మించినది లేదు. 1970 దశకం చివర జపానులో సుసుము తమురా రూపొందించగా ఐబనేజ్ పేరుతో వెలువడిన ఈ పెడల్‌లో పేరులో తప్ప ఎక్కడా ట్యూబు లేదు! దాని గుండె 4558 అనే ఆప్-యాంప్ చిప్పు. చిప్పు నుండి వెలువడిన సంకేతం తిరిగి దానికే చేరే దారిలో రెండు సిలికాన్ డయోడులు ఎదురెదురుగా ఉంటాయి. సంకేతం సుమారు 0.6 వోల్టులు దాటగానే అవి తెరుచుకుని వర్ధకశక్తిని తగ్గిస్తాయి. అయితే ఈ అమరికలో వర్ధకశక్తి సున్నాకు పడదు, ఒకటికి పడుతుంది. అనగా అరిగిన తరంగం మీద అసలు తరంగం స్వారీ చేస్తూనే ఉంటుంది. వేళ్ళ ఒత్తిడిలోని తేడా చచ్చిపోకుండా ఉండటానికి కారణం ఇదే.

ఇందులో రెండు విడిభాగాలను గుర్తుంచుకోవాలి: 4.7 కిలో ఓముల నిరోధకం, 0.047 మైక్రో ఫారడ్ కెపాసిటరు. ఈ రెండూ కలిసి 720 హెర్ట్‌జ్ వద్ద ఒక గీత గీస్తాయి. అంతకన్నా కింది స్వరాలకు వర్ధకశక్తి తగ్గుతూ పోతుంది. మంద్రస్వరాలు బురదలా కలగాపులగం కాకపోవడానికి, ధ్వనికి కాస్త ముక్కుతో పాడినట్లుండే గుణం రావడానికి ఇదే మూలం. ఆ గుణం నచ్చనివారు 0.047కు బదులు 0.1 పెడితే గీత సుమారు 340 హెర్ట్‌జ్‌కు దిగుతుంది. డ్రైవ్ మీట 51 నుండి 551 కిలో ఓముల వరకు తిరుగుతుంది కనుక వర్ధకశక్తి 12 రెట్ల నుండి 118 రెట్ల వరకు మారుతుంది. డయోడులలో ఒక వైపు రెండు, మరొక వైపు ఒకటి పెడితే అసమానత వచ్చి సరి అనుస్వరాలు చేరతాయి. 1977 నాటి బాస్ కంపెనీ ఓడీ-1 పెడల్ చేసిన పని అదే. పది సెంట్ల డయోడుతో ఇంత భేదం వినగలగడం సొంతంగా కట్టుకోవడంలోని అసలు లాభం. స్టీవీ రే వాన్ ఈ పెడల్‌ను తన ట్యూబు యాంప్లిఫయర్ల ముందుంచి వాడాడు.

రెండవ అవసరానికి జేఫెట్ ట్రాన్సిస్టర్లతో కట్టిన పెడళ్ళు తగినవి. జేఫెట్‌లో కరెంటు వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక రెండవ అనుస్వరం సహజంగానే పుడుతుంది. రెండు మూడు దశలు వరుసగా కూర్చితే ట్యూబు యాంప్లిఫయరుకు దగ్గరి బంధువవుతుంది. చిక్కల్లా విడిభాగాలతోనే. జె201 రకంలో కరెంటును ఆపివేసే వోల్టేజి ఒక్కొక్క దానికి 0.3 నుండి 1.5 వరకు ఎంతైనా ఉండవచ్చు. ప్రతి దశలో చిన్న ట్రిమ్మరు తిప్పి డ్రెయిన్ వద్ద 4.5 వోల్టుల దరిదాపులకు తేవాలి. మూడు పొడవు కాళ్ళ పాత రూపంలో ఇవి ఇప్పుడు అరుదై, నకిలీలు ప్రబలినవి. మొదటిసారి సోల్డరింగు పట్టేవారికి ఇది తగదు.

నిజమైన నాళికనే పెట్టాలనే మోజు గలవారికి 12 వోల్టుల అడాప్టరుతో 12ఏయూ7 నాళికను నడిపే పెడళ్ళున్నాయి. చీకటిలో ఎర్రగా వెలుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కాని వందకు పైబడిన వోల్టులు కోరే నాళికకు పన్నెండే ఇస్తే అది అర్ధాకలితో పలుకుతుంది. ఫలితం గరుకు, మార్దవం తక్కువ. దాని హీటరు ఒక్కటే 150 మిల్లీ యాంపియర్లు తాగుతుంది కనుక బ్యాటరీ కొద్ది గంటలకే అడుగంటుతుంది. ట్యూబ్ స్క్రీమర్ పది మిల్లీ యాంపియర్ల లోపే సరిపెట్టుకుంటుంది.

ఏ పెడల్ కట్టినా పిల్లలు ఒక ప్రయోగం చేయాలి. డ్రైవ్ పెంచి షడ్జ పంచమాలను కలిపి మీటాలి. 2:3 నిష్పత్తిలోని ఆ స్వరాల భేదం వలన కింది స్థాయి షడ్జం దానంతట అదే మోగుతుంది. షడ్జ గాంధారాలు మీటితే ధ్వని కలుషితమవుతుంది, ఎందుకంటే గిటారు మెట్లలోని గాంధారం శుద్ధమైన 4:5 నిష్పత్తికి సుమారు 14 సెంట్లు ఎక్కువ. పంచమంలో ఆ తప్పు రెండు సెంట్లే. రాక్ వాద్యకారులు షడ్జ పంచమాలతోనే ఎందుకు కాలక్షేపం చేస్తారో అప్పుడు బోధపడుతుంది.

కట్టేటప్పుడు 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం గల సోల్డరు 183 డిగ్రీల వద్ద ఒక్కసారిగా కరిగి గడ్డకడుతుంది కనుక అతుకులు చక్కగా వస్తాయి. సోల్డరింగు ఐరన్ వేడికి సీసం ఆవిరి కాదు. పైకి లేచే పొగ రోజనుది, ఉబ్బసం గలవారికి పడదు, కిటికీ తెరవాలి. సీసం చేతుల ద్వారా నోటికి చేరుతుంది కనుక పని ముగియగానే సబ్బుతో చేతులు కడగనిదే పకోడీల పళ్ళెం దగ్గరకు రానీయకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో సీసం లేని సోల్డరే వాడాలి. దానికి వేడి కొంత ఎక్కువ కావాలి, అతుకు కాస్త మసకగా కనిపిస్తుంది, అంతే.

చిప్పును సాకెట్టులో పెట్టే ముందు బ్యాటరీ కలిపి, రెండు సమాన నిరోధకాలు కలిసే చోట వోల్టేజి కొలవాలి. బ్యాటరీలో సగం, అనగా సుమారు 4.5 కనిపిస్తే చిప్పు పెట్టవచ్చు. పెడల్ అడాప్టర్లలో సాధారణంగా నడిమి మొన ఋణ ధ్రువం, ఇంట్లో పడి ఉండే ఇతర అడాప్టర్లలో చాలావాటికి అది ధన ధ్రువం. తారుమారైతే చిప్పు క్షణంలో మాడిపోతుంది కనుక విద్యుత్తు వచ్చే దారిలో ఒక 1ఎన్4001 డయోడును ముందే అతికించాలి.