శిఖరము నుండి పునాదికి: సలహాదారుల నివేదికా పద్ధతి

మన కచేరీలకు వ్రాసెడి అర్జీలలో వినయవాక్యములు ముందు, కష్టముల వివరణ నడుమ, అసలు కోరిక చిట్టచివర వచ్చును. వాణిజ్య సలహాదారుల నివేదిక ఇందుకు తలక్రిందులు. మొదటి వాక్యముననే నిర్ణయము. దాని క్రింద మూడు నాలుగు కారణములు. ఒక్కొక్క కారణము క్రింద లెక్కలు. 1963లో మెకిన్సీ సంస్థలో చేరిన బార్బరా మింటో అనెడి అమెరికా వనిత దీనిని 'పిరమిడ్ సూత్రము' అను పేర గ్రంథస్థము గావించెను.

పద్ధతి మెచ్చదగినదే. ఈ యేటి కాయను మార్కెట్టుకు పంపవలెనా, రసము తీయు కర్మాగారమునకు అమ్మవలెనా అని తిరువూరు మామిడి రైతు అడిగినచో, అతనికి కావలసినది జవాబు. మామిడి చరిత్ర కాదు. అంతకన్న పెద్ద మేలు మరియొకటి కలదు. ఆధారము లేని కారణము ఈ నిర్మాణములో దాగలేదు. సుదీర్ఘమైన పీఠికల చాటున లొసుగులను కప్పిపుచ్చుట మన వ్యాసరచయితలకు బాగుగా అలవడిన విద్య!

అయితే శిఖరమున నున్న జవాబు ఎవరి ప్రశ్నకు? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మెకిన్సీ సహాయముతో 'విజన్ 2020' పత్రమును వెలువరించినది. రాష్ట్రము త్వరగా సంపన్నమగుట యెట్లు అనునది ప్రభుత్వపు ప్రశ్న. దానికి తగినట్లే లక్ష్యము పైన, దానిని సాధించు రంగములు క్రింద చక్కగా అమరినవి. సేద్యముపై బ్రతుకువారు నూటికి 70 నుండి 40కి తగ్గవలెననుట అందొక అంశము.

2001లో మెదక్ జిల్లా అల్గోల్ గ్రామమున 'ప్రజాతీర్పు' జరిగినది. న్యాయనిర్ణేతలు ప్రధానముగా చిన్న, సన్నకారు రైతులు. వారిలో అధికులు స్త్రీలు. వారు వీడియో చిత్రముల ద్వారా మూడు భవిష్యత్తులను చూచి, సాక్షులను ప్రశ్నించి, విజన్ చూపిన మార్గమును నిరాకరించిరి. యంత్రములు కూలిని హరించునని, విత్తనముపై తమ అధికారము పోరాదని చెప్పిరి. ఆ సభ నిష్పాక్షికతపై 2002లో వాదములు చెలరేగిన మాట నిజమే. కాని వారు లేవనెత్తిన విషయము ఆ వాదములతో తీరునది కాదు.

మింటో గ్రంథమున పిరమిడ్‌ను క్రింది నుండి పైకి కట్టు విధానము కూడ వివరింపబడినది. పై నుండి చెప్పుట సులభము. క్రింది నుండి కట్టుటకు ఊరూర తిరుగవలెను. పత్రములో 70 నుండి 40 తీసివేయుట ఒక్క పంక్తి పని. మిగిలిన ఆ ముప్పది మంది ఏ పనికి, ఏ ఊరికి పోవలెనన్నది అల్గోల్‌లో కూర్చున్నవారికి మొదటి ప్రశ్న.