హైబ్రిడ్ బ్యాటరీ: మార్చే ముందు కొలవండి

డాష్‌బోర్డులో హైబ్రిడ్ సిస్టమ్ హెచ్చరిక వెలగ్గానే పెద్ద బ్యాటరీ పోయిందని, లక్షల ఖర్చని చాలామంది బెంబేలెత్తిపోతారు. ఖాజీపేటలో బండి ఆగిపోయినా సరే, షోరూముకు ఫోన్ చేసేలోపు మీరే తేల్చుకోగల విషయాలు కొన్ని ఉన్నాయి. కావాల్సినవి ఒక డిజిటల్ మల్టీమీటర్, హైబ్రిడ్ డేటా చదవగల ఓబీడీ స్కానర్. అన్ని చవక స్కానర్లూ ఆ డేటా చదవవు, కొనేముందు మీ మోడల్ పేరు చెప్పి అడగండి.

నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం పోవద్దు. ఇన్నోవా హైక్రాస్ బ్యాటరీలో ఒక్కోటి 1.2 వోల్టుల సెల్స్ 168 ఉంటాయి. అంటే మొత్తం 201.6 వోల్టుల డీసీ. అది ప్రాణం తీస్తుంది.

మొదట 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూడండి. దొంగ హెచ్చరికలు ఎక్కువగా దీనివల్లే వస్తాయి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు 12.6 దగ్గర చూపితే బాగున్నట్టు, 12.2 కంటే తగ్గితే నీరసించినట్టు. తర్వాత బండిని 'రెడీ'లో పెట్టి మళ్లీ కొలవండి. దాదాపు 14 రావాలి. 12 లోనే ఉండిపోతే ఛార్జింగ్ అందడం లేదు. హైబ్రిడ్‌లో ఆల్టర్నేటర్ ఉండదు, ఆ పని డీసీ కన్వర్టర్‌ది.

తర్వాత గాలి దారి. పెద్ద బ్యాటరీని చల్లబరిచేది బండి లోపలి గాలే. అది పీల్చుకునే జాలీ ఎక్కడుందో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. మన ఎర్రమట్టి, కడప బండల పొడి ఆ ఫిల్టరులో అట్టకట్టేస్తాయి. దానికి అడ్డంగా సంచులు పెట్టేవాళ్లూ ఉన్నారు. మే నెల ఎండలో ఇవి రెండూ కలిస్తే బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇక స్కానర్ పెట్టండి. కోడ్‌లను చెరిపేముందు ఫొటో తీసుకోండి, వాటితోపాటు దాచి ఉన్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా. తప్పు పట్టుబడిన క్షణంలో బండి వేగమెంతో, వేడి ఎంతో అందులో ఉంటుంది. పి0ఏఏ6 వస్తే హై వోల్టేజీ ఎక్కడో బాడీకి లీకవుతున్నట్టు. అక్కడే ఆపి, బండిని లారీ మీద పంపండి. పి0ఏ80 వస్తే బ్యాటరీ ప్యాకే అనుమానం. అయినా అదే తీర్పు అనుకోకండి.

తీర్పు చెప్పేది బ్లాకుల, అంటే సెల్స్ గుంపుల, వోల్టేజీ. పాత ప్రియస్‌లో 14 బ్లాకులు, ఒక్కోటి 14.4 వోల్టులు. బండి నిలబడి ఉంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి భారం వేసి చూడాలి. కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ దీనికి భలే పనికొస్తుంది. పక్కసీటులో ఒకరు స్క్రీన్ చూడాలి, డ్రైవరు చూడకూడదు. ఎక్కేటప్పుడు బ్లాకులన్నీ కలిసి దిగి, దిగేటప్పుడు కలిసి పెరిగితే ప్యాకు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక్కటే మిగతావాటి కంటే ఒక వోల్టుకు పైగా పడిపోయి, దిగుడులో అన్నిటికంటే ముందు ఎగబాకితే ఆ బ్లాకు చచ్చుబడింది. లేదా దాని కనెక్షన్ల రాగి పట్టీలు తుప్పుపట్టాయి. ఈ రెండోది శుభ్రం చేస్తే పోతుంది.

ప్యాకు విప్పడం శిక్షణ ఉన్నవాళ్ల పని. వెయ్యి వోల్టుల గ్లోవ్స్, సర్వీస్ ప్లగ్ పీకాక కనీసం 10 నిమిషాల ఆగుడు తప్పనిసరి. హైక్రాస్ అయితే బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. బయట విప్పించారంటే దాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే. మీరు తీసిన ఫొటోలతో షోరూముకు వెళ్లి, ఏ బ్లాకు ఎంత పడిందో చూపించి మాట్లాడండి.